మూసిన బాట మీద రేగు కంప

ఎల్లస్వామి కాళ్ల కింద రాయి మరోసారి కదిలింది. అందులో ఒక పెచ్చు ఊడి లోయలోకి జారింది. అది కింద ఎక్కడో తగిలిన చప్పుడు వినపడటానికి చాలాసేపు పట్టింది.

"కదలకు. కిందికి చూడకు. నా దిక్కు చూడు," అంది పైనుంచి అండాలు పంతులమ్మ. గొంతు నిలకడగానే ఉంది. బండ అంచును పట్టుకున్న ఆమె వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి.

పోయిన వారం మనం వీళ్లను విడిచి వచ్చింది ఈ డేగబండ అంచునే. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల నుంచి ఏరిన పిల్లల జట్టు ఎండాకాలం సెలవుల్లో నల్లమల ఎక్కుతోంది. గొర్ల కాపరులు వేసవి మేత కోసం కొండల మీద కట్టుకున్న గుడిసెలు నాలుగున్నాయి. పగలు నడక, రాత్రి ఒక గుడిసెలో పడక. ఆ నాలుగింటినీ కలిపే దారి పేరు గాలయ్య బాట. జట్టులో ఉన్న ఐలేశానికి గాలయ్య సొంత తాత. రెండు గుడిసెలు దాటారు. మూడో గుడిసెలో ఐలేశం చిన్నాయిన మారయ్య తన మందతో ఉన్నాడు. నాలుగోది శిఖరం మీది కొస గుడిసె. అది ఈ ఏడు ఖాళీగా ఉందనీ, కప్పు కూడా కూలిందనీ, అంతదూరం ఎక్కడం దండగనీ మారయ్య ముందే కబురు పంపాడు.

దారి చూపే భీమయ్య రాత్రి బువ్వ సంగతి మారయ్యకు చెప్పడానికని పొద్దున్నే వాగు వెంబడి అడ్డదారిన ముందుకు పోయాడు. పిల్లలు పంతులమ్మతో గాలయ్య బాట పట్టారు. జంట బండల దగ్గర ఆ బాట రెండుగా చీలింది. కుడివైపు దారిలో, రెండు బండల సందున, రేగు కంప అడ్డంగా పడి ఉంది.

కంప వేసిన దారిలోకి కాపరి పోడు. ముందు గొర్లకు రోగం తగిలిందనో, నీళ్లు చెడ్డాయనో వెనక వచ్చేవాళ్లకు చెప్పే గుర్తు అది. ఐలేశానికి ఆరేళ్లప్పుడు తాత భుజం మీద ఎక్కి ఈ కొండకు వచ్చిన జ్ఞాపకం ఉంది. దారి కుడికే పోయిందని ఆ జ్ఞాపకం చెబుతూనే ఉంది. అయినా అతను కంప మాటే నమ్మాడు. ఎడమకు పోదామన్నాడు. కాపరి ఇంట పుట్టినవాడు తప్ప ఇంకొకడు ఆ పొరపాటు చెయ్యడు. ఇంకొకడైతే కంపను కాలితో నెట్టి దాటిపోయేవాడు.

ఎడమ దారి డేగబండ మీద తెగిపోయింది. ముందు నడుస్తున్న జట్టు నాయకుడు ఎల్లస్వామి కాలు జారింది.

ఇప్పుడు అతను రెండు నిలువుల లోతున, గోరంత అంచు మీద, ఒక చేత్తో వేరు పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి వాచి వేలాడుతోంది. తాడు భీమయ్య దగ్గర ఉండిపోయింది.

ఐలేశం అప్పటికే పని మొదలుపెట్టాడు. అందరి గొంగళ్లూ అడిగి తీసుకున్నాడు. కొసకు కొస కలిపి ముడులు వేశాడు. తర్వాత నీళ్లు నింపిన సొరకాయ బుర్రలన్నీ తెమ్మన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవి సాయంత్రం దాకా తాగాల్సిన నీళ్లు. పంతులమ్మ తన బుర్ర మూత తీసి ముందు అందించింది. నీళ్లన్నీ ముడుల మీద పోశాడు ఐలేశం. తడిసిన ఉన్ని ముడి ఎంత గుంజితే అంత బిగుస్తుంది. ఒక కొసను అంచున ఉన్న చెట్టు మొదలుకు చుట్టి, రెండో కొసకు తాత కర్రను అడ్డంగా కట్టి, దాన్ని నడుముకు ఆనించుకుని కిందికి దిగాడు.

ఆ కర్ర సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గాలయ్య చచ్చిపోయేదాకా చేతిలో ఉన్న కర్ర. బయలుదేరే రోజు అవ్వ జానమ్మ దానికి నూనె రాసి మనవడి చేతికిచ్చింది. కొస గుడిసె ముందు దాన్ని పాతి రమ్మంది. ముసలాయన చివరి ఏళ్లలో కాళ్లు పడిపోయి ఆ కొస దాకా మళ్లీ ఎక్కలేకపోయాడు. కర్ర ఎక్కితే తను ఎక్కినట్టే అనుకునేవాడు.

అంచు మీద ఇద్దరికీ చోటు లేదు. ఐలేశం ఒక కాలు గాలిలో ఉంచి, ఎల్లస్వామి తొడల కింద కర్రను తోసి, గొంగడిని అతని నడుము చుట్టూ తిప్పాడు.

"మీ తాత గొర్లను గిట్లనే గుంజేటోడా?" పళ్లు బిగబట్టుకుని అడిగాడు ఎల్లస్వామి. మక్తల్‌లో కిరాణా దుకాణం వాళ్ల అబ్బాయి. భయం వేసినప్పుడే అతనికి వెటకారం ఎక్కువ.

"గొర్రె గిన్ని మాటలు మాట్లాడదు. కాళ్లు ముడువు."

పైన పంతులమ్మ, పిల్లలు అందరూ కలిసి గుంజారు. ఎల్లస్వామి పైకి పోయాడు. గొంగడి తాడు మళ్లీ దిగేదాకా ఐలేశం ఒక్కడే వేరు పట్టుకుని నిలబడ్డాడు. కిందికి చూడకూడదు కాబట్టి పైకి చూశాడు. అక్కడి నుంచి కొండ కొప్పు స్పష్టంగా కనిపిస్తోంది. కొస గుడిసె ఉన్నచోటు నుంచి సన్నటి పొగ నిటారుగా లేస్తోంది. గాలి తగిలి ఒకసారి వంగి, మళ్లీ నిలబడింది.

ఖాళీ గుడిసెలో పొగ ఏమిటో ఆలోచించే లోపే కర్ర ముఖం ముందుకు వచ్చి వేలాడింది.

అతను పైకి వచ్చి బండ మీద పడగానే పిల్లలు మీదపడి భుజాలు చరిచారు. నల్గొండ పిల్లలు మూడు రోజుల నుంచి అతని కర్రను, కాపరి మాటలను చూసి నవ్వుకునేవాళ్లు. వాళ్లలో ఒకడు ఇప్పుడు తన ధోవతి చెంగుతో ఆ కర్ర మీది మట్టి తుడిచి ఇచ్చాడు. పంతులమ్మ అతని తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. అవ్వ ఈ సంగతి వింటే వాడకట్టంతా తిరిగి చెబుతుందని అనుకున్నాడు ఐలేశం.

అంతలో కేకలు విని భీమయ్య పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. వాగు దారి సగంలో ఉండగానే అరుపులు వినపడ్డాయనీ, మూడో గుడిసె దాకా పోకుండానే వెనుదిరిగాననీ చెప్పాడు. ఎల్లస్వామి చేతికి రెండు కొమ్మలు పెట్టి కట్టు కట్టాడు. అందరూ కలిసి జంట బండల దగ్గరికి తిరిగి వచ్చారు.

గట్టి నేల మీదికి రాగానే ఎల్లస్వామికి నొప్పి తగ్గి సిగ్గు మొదలైంది. జట్టు నాయకుడు అతను. అందరి ముందూ గొర్రెపిల్లలా పైకి గుంజబడ్డాడు. ఇప్పుడు అందరూ నడుస్తున్నది ఐలేశం వెనకాల. అతను ఒక రాయి మీద కూర్చుని, అసలు ఎడమకు పోదామన్నది ఎవరని అడిగాడు. జవాబు అందరికీ తెలుసు.

"బాట నీ తాతది. దారి నీకు ఎరుకే. కుడికి పోవాలెనని కూడ ఎరుకే," అన్నాడు ఐలేశంతో. "అయినా ఎడమకు పంపినవ్. కిందికి పంపినోనివి నువ్వే, పైకి గుంజినోనివి నువ్వే. అందరి ముందట పేరు రావాలె గద."

ఐలేశం నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

కంప మూసిన దారి చూశాకే ఆ మాట అన్నానని చెప్పాడు. కాపరి మర్యాద వివరించాడు. పంతులమ్మ తలూపింది. నిజమే, కంప అక్కడ ఉంది. అయితే దాన్ని వేసిందెవరు? ముందు రోగం ఉంటే మారయ్య మంద ఎప్పుడో కిందికి దిగేది. నీళ్లు చెడితే కబురు వచ్చేది.

భీమయ్య దారి తెరుద్దామని బండ ఎక్కి అవతలి వైపు దిగాడు. కంప మొదలు దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"పంతులమ్మా, గిది జర సూడుండ్రి," అన్నాడు.

అందరూ బండ మీదికి ఎగబాకి తొంగిచూశారు. కంప మొదలుకు మోదుగ నారతో పిడి కట్టి ఉంది. పట్టుకుని లాగడానికి వీలైన గుండ్రటి పిడి. నార కింద, చెయ్యి కోసుకోకుండా, నల్ల ఉన్ని మెత్తగా చుట్టి ఉంది.

ఆ పిడిని అక్కడున్న ప్రతివాళ్లూ గుర్తుపట్టారు. మొదటి గుడిసెలో పడుకున్న సాయంత్రం ఐలేశమే వాళ్లకు దాన్ని కట్టి చూపించాడు. దొడ్డి వాకిలికి కంప లాగేటప్పుడు చిన్నపిల్లల చేతులు గీసుకుపోతున్నాయని తాత కనిపెట్టిన పద్ధతి అన్నాడు. గుట్టల మీద ఎన్ని మందలు తిరిగినా, ఎన్ని దొడ్లు చూసినా, ఇలా కట్టేది తమ ఇంటివాళ్లేనన్నాడు. ఎంత గొప్పగా చెప్పాడంటే, భీమయ్య కూడా చుట్ట ఆర్పేసి విన్నాడు.

"గిట్ల కట్టేది మా ఇంటోళ్లే," అని ఎల్లస్వామి అతని గొంతునే అనుకరిస్తూ అన్నాడు. "నీ మాటే, ఐలేశం. నేను కల్పించలే."

ఐలేశం ఆ పిడి వైపే చూస్తున్నాడు. ఆ పిడిని అతను కట్టలేదు. అతని నాయిన పోయిన ఏడు కాలు విరిగి ఊళ్లో మంచం మీద ఉన్నాడు. తాత తన చేతి పని నేర్పింది ఇద్దరు కొడుకులకు, ఈ ఒక్క మనవడికి. ఆ ఇద్దరు కొడుకుల్లో రెండోవాడు ఇప్పుడు ఈ కొండ మీదే, మూడో గుడిసెలో, వీళ్ల కోసం పాలు కాచి ఎదురుచూస్తూ ఉంటానన్నాడు.

పంతులమ్మ కోపగించుకోలేదు. దగ్గరికి వచ్చి, నువ్వేనా అని మెల్లగా అడిగింది. కాదన్నాడు. మరెవరని అడిగింది. అతను నోరు విప్పలేదు. మళ్లీ అడిగింది. కర్రను రెండు చేతులతో పట్టుకుని నేల చూశాడు.

"ఐలేశం, గీ పిల్లలందరు ఒకల ఇంటి పిల్లలు కారు. నన్ను నమ్మి పంపిండ్రు," అంది ఆమె. "తెలిసి చెప్పనోని ఎంబడి వీళ్లను నేను నడిపియ్యలేను. చెప్పకుంటె రేపు పొద్దుగాల భీమయ్య నిన్ను కిందికి తోల్కపోతడు."

కిందికి పోతే కర్ర కూడా కిందికే పోతుంది. అవ్వ వాకిట్లో నిలబడి ఉంటుంది. తాత బాట మీద తాత మనవడే పిల్లలను లోయలోకి తోశాడన్న మాట తనకంటే ముందే ఊరు చేరుతుంది. కానీ నోరు తెరిస్తే? తన ఇంటి మనిషి పేరే బయటికి వస్తుంది. చిన్నప్పుడు తనను జాతరకు ఎత్తుకుపోయిన మనిషి పేరు. నాయిన పడిపోయాక ఇంటి మందను ఒక్కడే కాస్తున్న మనిషి పేరు. ఐలేశం ఏదీ తేల్చుకోలేకపోయాడు. ఊరుకోవడం సులువు కాబట్టి ఊరుకున్నాడు.

అప్పుడు సోమమ్మ లేచింది. కట్టంగూర్ నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్లది వ్యవసాయం. నడకలో ఎప్పుడూ ఐలేశానికి ఒక్క అడుగు ముందు ఉంటుంది. ఇంతసేపూ బండ మీద కూర్చుని కంపనే చూస్తోంది.

"మొదలు అవతలున్నది, పంతులమ్మా," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె పక్కనున్న పొదలోంచి ఎండిన రేగు కొమ్మ ఒకటి చూపించి, ఒంటి చేత్తోనైనా సరే దాన్ని లాగి, వెనక నుంచి ఎవరూ రాకుండా ఆ ఎడమ దారి మూసి చూపించమని ఎల్లస్వామిని అడిగింది. అతను విసుక్కుంటూనే కొమ్మ మొదలు పట్టుకున్నాడు. ఎడమ దారిలోకి నాలుగు అడుగులు వేసి, కొమ్మను తన వెంట లాగి, దారి మీద వదిలాడు. ముళ్ల కొసలు వీళ్ల వైపు, మొదలు అతని కాళ్ల దగ్గర పడ్డాయి.

"కొస పట్టి ఎందుకు గుంజలే?" అని అడిగింది సోమమ్మ.

"కొస పడితే ముండ్లు గుచ్చుకోవా? నీకేమన్న..." అంటూ ఆగిపోయాడు ఎల్లస్వామి. తన కాళ్ల దగ్గరి మొదలు చూసుకున్నాడు. తర్వాత జంట బండల మధ్య ఉన్న కంపను చూశాడు.

సోమమ్మ ఇక తీరిగ్గా చెప్పింది. చేనికి కంప కొట్టేటప్పుడు మనిషి చేను లోపల నిలబడతాడు, మొదళ్లు లోపలికే ఉంటాయి. దొడ్డి మూసేవాడు దొడ్డి లోపలి నుంచి లాగుతాడు. కంప మొదలు ఎప్పుడూ లాగినవాడి వైపే ఉంటుంది. ఈ కంప మొదలు అవతల ఉంది. దాన్ని లాగినవాడు అవతల, కొండ వైపు నిలబడ్డాడు. ఐలేశం పొద్దుటి నుంచి తన వెనకే నడిచాడు. అతని కర్ర చప్పుడు ఆగితే తను వెనక్కి తిరిగి చూసేది. అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఇటునుంచి చూసినవాళ్లకు ముళ్లే తప్ప నార పిడి కనపడే వీలు కూడా లేదు.

పంతులమ్మ ముఖం విప్పారింది. తన జట్టులో ఇలాంటి పిల్ల ఒకతి ఉన్నందుకు ఆమెకు ఆ క్షణంలో ఎంత గర్వం కలిగిందో దాచుకోలేకపోయింది. సోమమ్మ వీపు తట్టి, ఐలేశం వైపు తిరిగి, తొందరపడ్డానని పిల్లలందరి ముందూ ఒప్పుకుంది.

కథ అక్కడితో ముగిసినా బాగుండేది. కానీ ఎల్లస్వామి అనుమానం ఎంత తొందరగా ఒకరి మీది నుంచి లేస్తుందో, అంత తొందరగా ఇంకొకరి మీద వాలుతుంది.

"కొండ దిక్కుకు ముందుగాల పోయింది ఒక్కడే," అన్నాడు.

అందరి కళ్లూ భీమయ్య మీదికి తిరిగాయి.

భీమయ్య తడిసిన పంచె చూపించాడు. తను వాగు దారిన పోయాడు, ఈ బాట మొహం చూడలేదు. వాగులో తడవడానికి ఎంతసేపు పడుతుందని ఎల్లస్వామి అడిగాడు. ఐలేశం ముడి కట్టి చూపించినప్పుడు భీమయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు కదా అన్నాడు. ఇంకొకడు అతని భుజం మీది గొంగడి పట్టి చూశాడు. అదీ నల్లదే. అంచు చివికి పోగులు వేలాడుతున్నాయి. తాడు కూడా కావాలనే వెంట పట్టుకుపోయాడని ఎవరో గొణిగారు. పంతులమ్మ వాళ్లను ఆపింది కానీ ఆమె కళ్లలో కూడా అనుమానం తొంగిచూసింది.

భీమయ్య బండ దిగి వచ్చి, భుజం మీది తాడు తీసి, చుట్ట చుట్టి పంతులమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

"నేను మీసాలు రాకముందు సంది గీ గుట్టల్ల మందిని తిప్పుతున్న. ఒక్కరి కాలుకు ముల్లు ఇరగనియ్యలే," అన్నాడు. "గా మాట పడ్డంక ఇగ నా ఎంబడి ఎవలొస్తరమ్మా? మీ తాడు మీకాడనే ఉండని."

ఐలేశం వింటున్నాడు. ఇప్పుడు అతని మీద ఏ మచ్చా లేదు. నోరు మూసుకుంటే చాలు. రేపు కర్ర శిఖరం ఎక్కుతుంది. అవ్వ వాడకట్టంతా తిరుగుతుంది. చిన్నాయిన పేరు ఎవరికీ తెలియదు. భీమయ్య దోషిగా కిందికి దిగిపోతాడు, అంతే.

అతనికి ఊళ్లో కాపరుల పెద్దలు కూడిన ఒక సాయంత్రం గుర్తుకొచ్చింది. ఎవరి మందలోనివో గొర్రెపిల్లలు తప్పిపోయాయి. దారిన పోయే మేకల వాడెవడో తోలుకుపోయాడని అందరూ అతన్ని పట్టుకుని కట్టెయ్యబోయారు. అప్పుడు గాలయ్య లేచాడు. పిల్లలు తన దొడ్డిలోనే ఉన్నాయనీ, తోలుకొచ్చింది తన చిన్న కొడుకేననీ అందరి ముందూ చెప్పాడు. ఆ కొడుకు మారయ్య. అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తాత మాత్రం తల ఎత్తుకునే ఇంటికి వచ్చాడు. ఆ తర్వాతే అన్ని ఊళ్ల కాపరులూ తమ మందలను ఈ బాట మీద కళ్లు మూసుకుని తోలడం మొదలుపెట్టారు. తాత రాళ్లు తొలిచి దారి తీశాడని మాత్రమే ఐలేశం ఇన్నాళ్లూ గొప్ప చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం సంగతి ఎవరికీ చెప్పలేదు. అది సిగ్గుపడే సంగతి అనుకున్నాడు.

"భీమన్నా," అన్నాడు. "గా పిడిలకెల్లి జర ఉన్ని తుంచి ఇయ్యి."

భీమయ్య మళ్లీ బండ ఎక్కి అవతలికి వంగి, ఒక పోగు తుంచి అతని అరచేతిలో పెట్టాడు. ఐలేశం దాన్ని వాసన చూశాడు. తర్వాత భీమయ్య గొంగడి అంచు వాసన చూశాడు. రెండూ పంతులమ్మ ముందుకు చాచాడు.

"గొంగడికి చింతగింజల గంజి పెడ్తరు. ఎన్నేండ్లయినా గా వాసన పోదు. గిది పచ్చి ఉన్ని, పంతులమ్మా. గొర్రె జిడ్డు చేతికి అంటుతాంది సూడుండ్రి. కత్తిరించి వారం కాలే."

పంతులమ్మ వేళ్లతో నలిపి చూసింది. నిజంగానే జిడ్డు అంటింది. ఈ కొండ మీద ఇప్పుడు గొర్రెలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు.

ఆమె ఏదో అడగబోయింది.

కంప అవతల, కుడి దారిలో, గంటల చప్పుడు వినపడింది. మంద ముందు నడిచే పొట్టేలు మెడలోని గంటలు. దాని వెనక ఒక పొడవాటి మనిషి, తలకు రుమాలు, చేతిలో పాల ముంత, ముఖం నిండా నవ్వు. మారయ్య.

"ఏందిరా ఐలేశం, పొద్దు వాలుతాంది. పాలు సల్లారవట్టె. మీరింక రాకపోతిరి," అంటూ దగ్గరికి వచ్చాడు. పంతులమ్మకు దండం పెట్టాడు. ఎల్లస్వామి కట్టు చూసి, అయ్యో, దెబ్బ ఎట్ల తగిలిందని అడిగాడు. గంటలు మాత్రమే మోగుతున్నాయి.

అతను ముంతను ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. చూపు పిల్లల ముఖాల మీదే ఉంది. కుడిచెయ్యి కిందికి పోయింది. ముళ్ల కోసం చూడలేదు, తడుముకోలేదు. వేళ్లు నేరుగా కంప మొదలు దగ్గరి నార పిడిలో దూరాయి. ఒక్క గుంజుకు కంప పక్కకు జరిగి దారి తెరుచుకుంది. అతని చేతికి ఒక్క గీత కూడా పడలేదు.

"గీ కంప ఎవలేసిండ్రో ఏమో," అన్నాడు మారయ్య నవ్వుతూనే.

భీమయ్య తాడు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. పంతులమ్మ ఆ మాట తనే అనగలదు. కళ్ల ముందే చూసింది. కానీ ఆమె మారయ్యను చూడటం లేదు. ఐలేశాన్ని చూస్తోంది. ఆ మాట ఎవరి నోట రావాలో ఆమెకు తెలుసు. తొందరపెట్టకుండా నిలబడింది.

ఐలేశం తెరుచుకున్న దారి మధ్యలోకి నడిచాడు. తాత కర్రను నేలకు ఆనించాడు. దాని మీద డేగబండ గీసిన కొత్త గీతలు తెల్లగా మెరుస్తున్నాయి.

"కొస గుడిసెల ఎవలూ లేరంటివి, చిన్నాయినా," అన్నాడు. "కప్పు కూలిందంటివి. మరి గా పొగ ఎవలది?"

మారయ్య చేతిలో ముంత ఒరిగింది. పాలు దుమ్ములో పారాయి. అతను వాటిని చూసుకోలేదు. నవ్వు పోయింది. కొండ కొప్పు వైపు ఒక్కసారి తిరిగి చూశాడు. మళ్లీ అన్న కొడుకు వైపు తిరిగి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. అది బెదిరింపో, బతిమాలడమో అక్కడ ఎవరికీ తెలియలేదు.

ఐలేశం తల దించుకోలేదు. తాత ఆ సాయంత్రం పెద్దల ముందు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి, పంతులమ్మ వైపు తిరిగాడు.

"మీరడిగినదానికి ఇప్పుడు చెప్తున్న, పంతులమ్మా. భీమన్నకు దీంట్ల ఏం లేదు. మా తాత తీసిన బాటను మూసింది మా ఇంటి మనిషే. గాలయ్య చిన్న కొడుకు, మా చిన్నాయిన, మారయ్య."